రకరకాల నేపథ్యాల వాళ్లకు ఇంగ్లీషు నేర్పడం, రాయించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో ఒక భాష, బయట ఇంకో భాష మాట్లాడేవాళ్లు, బడి మధ్యలో మానేసినవాళ్లు, డిగ్రీలు ఉన్నా ఇంగ్లీషులో పేరా రాయాలంటే టెన్షన్ పడేవాళ్లు. వీళ్లంతా ఒకే గదిలో కూర్చుంటే ఎలా నేర్పాలని కొత్తగా వచ్చిన టీచర్లు నన్ను అడుగుతుంటారు. ఎక్కువసార్లు ఎదురైన ప్రశ్నలకు నాకు తెలిసిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను. మాట్లాడించడం గురించి కూడా ఉంది కాని, ఎక్కువ చోటు రాయించడానికే ఇచ్చాను. మన క్లాసుల్లో అన్నిటికన్నా తక్కువగా జరిగేది అదే.

ఒకరికి అక్షరాలు మాత్రమే వచ్చు, పక్కనున్నవాళ్లు పేజీలు రాసేస్తారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదటిరోజే పరీక్ష పెట్టకండి. తలా ఒక తెల్లకాగితం ఇచ్చి, "మీ గురించి మీకు వచ్చినంత ఇంగ్లీషులో రాయండి. మాట తట్టకపోతే అక్కడ మీ భాషలోనే రాసేయండి" అని చెప్పి పదిహేను నిమిషాలు వదిలేయండి. ఆ కాగితాలు ఇంటికి తెచ్చుకుని నిదానంగా చదవండి. ఎవరికి మాటలు ఉండి వాక్యం కుదరడం లేదో, ఎవరికి వాక్యం వచ్చి స్పెల్లింగ్ రావడం లేదో, ఎవరికి అసలు పెన్ను పట్టుకునే అలవాటే తప్పిపోయిందో తెలిసిపోతుంది. మార్కుల లిస్టులో ఇవేవీ కనిపించవు.

ఆ తర్వాత అందరికీ పాఠం ఒకటే ఉంచి, పని మాత్రం వేర్వేరుగా ఇవ్వండి. నాకు బాగా పనికొచ్చిన పద్ధతి ఒకటుంది. ఐదారు వాక్యాల చిన్న కథను మామూలు వేగంతో రెండుసార్లు చదువుతాను. మొదటిసారి ఊరికే వినాలి. రెండోసారి చెవినపడ్డ మాటలు రాసుకోవాలి. తర్వాత ముగ్గురు నలుగురు కలిసి, రాసుకున్న మాటలతో ఆ కథను తిరిగి నిలబెట్టాలి. దీన్ని డిక్టోగ్లాస్ అంటారు. రూత్ వైన్‌రిబ్ అనే టీచరు 1990లో దీన్ని వివరంగా రాశారు. ఇందులో వెనకబడ్డవాళ్లు కూడా కనీసం రెండు మాటలైనా పట్టుకుంటారు, ఒక్కోసారి ఆ రెండూ మిగతావాళ్లు వదిలేసినవే అయి ఉంటాయి. అప్పుడు గుంపు మొత్తం వాళ్ల కాగితం వైపు వంగి చూస్తుంది. నేను ఈ పని చేయించేది ముఖ్యంగా ఆ క్షణం కోసమే.

క్లాసులో మాతృభాష మాట్లాడనివ్వొచ్చా?

మాట్లాడనివ్వండి. "ఇంగ్లీషులోనే మాట్లాడాలి, లేకపోతే ఫైన్" అనే క్లాసులో పిల్లలు ఇంగ్లీషు నేర్చుకోరు, నోరు మూసుకోవడం నేర్చుకుంటారు. పాఠం ఒక భాషలో చదివించి, దాని గురించి ఇంకో భాషలో మాట్లాడించి, రాయించే పద్ధతి వేల్స్ దేశపు బడుల్లో వెల్ష్, ఇంగ్లీషు భాషల మధ్య చేశారు. కెన్ విలియమ్స్ అనే విద్యావేత్త 1994లో దానికి పెట్టిన పేరే తర్వాత ఇంగ్లీషులో 'ట్రాన్స్‌లాంగ్వేజింగ్' అయింది.

రాయించేటప్పుడు నేను పాటించేది ఇది: ఆలోచించడం, చర్చించుకోవడం ఏ భాషలోనైనా సరే, కాగితం మీద చివరికి వచ్చేది ఇంగ్లీషు కావాలి. మూడు భాషలవాళ్లు కూర్చున్న గదిలో మూడు మూలల నుంచి మూడు భాషలు వినిపిస్తాయి. మొదట్లో అది గోలలా అనిపిస్తుంది. పది నిమిషాలు ఓపిక పట్టండి.

ముందు గ్రామర్ పూర్తి చేసి, తర్వాత రాయించాలా?

గ్రామర్ ఎప్పటికీ పూర్తి కాదు. ఈత మొత్తం గట్టు మీదే నేర్పి తర్వాత నీళ్లలో దింపుదామని ఎవరూ అనుకోరు కదా. మొదటి వారం నుంచే రాయించండి. రెండు వాక్యాలైనా చాలు. వాళ్లు రాసినదానిలో ఏ గ్రామర్ అవసరమని కనిపిస్తే ఆ గ్రామర్ మర్నాడు చెప్పండి. తాము నిన్న రాయలేక ఆగిపోయిన వాక్యానికే ఇవాళ దారి దొరికితే, ఆ రూలు వాళ్లకు గుర్తుంటుంది.

రాసినదానిలో తప్పులన్నీ దిద్దాలా?

ఈ ప్రశ్నకు జవాబు నేను పొరపాటు చేసి నేర్చుకున్నాను.

నా పెద్దవాళ్ల క్లాసులో ఒకావిడ ఉండేది. మొదటి నెలలో వాళ్లమ్మ కుట్టుమిషను గురించి పేజీన్నర రాసింది. వాక్యాలు ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి, టెన్స్‌లు అటూ ఇటూ దూకుతున్నాయి. కాని రాత్రి దీపం కింద మిషను చప్పుడు ఆగిపోతే తనకు మెలకువ వచ్చేదని అందులో ఒక వాక్యం ఉంది. చప్పుడు వల్ల నిద్ర పట్టకపోవడం కాదు, చప్పుడు ఆగితే మెలకువ రావడం. నేను ఎర్ర పెన్ను తీసుకుని శ్రద్ధగా ముప్పై ఏడు చోట్ల దిద్దాను. ఆ వాక్యంలో కూడా రెండు దిద్దాను. అది ఎంత బాగుందో మాత్రం ఎక్కడా రాయలేదు.

తర్వాతి వారం ఆవిడ ఆరు వాక్యాలు రాసింది. "మై మదర్ ఈజ్ గుడ్. షి ఈజ్ కైండ్. షి వర్క్స్ హార్డ్." ఒక్క తప్పూ లేదు. ఎందుకింత తక్కువ రాశారని అడిగితే, "తప్పు రాని మాటలే ఏరుకుని రాశాను టీచర్" అంది.

ఆ జవాబు విన్న తర్వాత నా పద్ధతి మారింది. ఇప్పుడు మొదట పెన్ను పక్కనపెట్టి మొత్తం చదువుతాను. మార్జిన్‌లో మొదటి మాట విషయం గురించే రాస్తాను: "మిషను ఆగితే మెలకువ వచ్చేదన్నారు, అప్పుడు ఏం చేసేవారు?" అని. తర్వాత ఒక్క రకం తప్పును ఎంచుకుంటాను. ఆ వారం టెన్స్ అయితే టెన్సే. అది కూడా దిద్దను. కింద గీత గీసి వదిలేస్తాను, వాళ్లే సరిచేసుకుని మళ్లీ ఇస్తారు.

పరిశోధకులు కూడా దీని మీద గట్టిగానే వాదించుకున్నారు. రాతలో గ్రామర్ దిద్దడం వల్ల లాభం లేదు, నష్టం కూడా ఉంది, మానేయాలి అని జాన్ ట్రస్కాట్ 1996లో రాశారు. అంత ఖరాకండిగా చెప్పడం తొందరపాటని, ఏరి, స్పష్టంగా దిద్దితే ఉపయోగం ఉంటుందని డేనా ఫెరిస్ 1999లో బదులిచ్చారు. నేను ఫెరిస్ వైపే. ఏమీ దిద్దకపోతే పెద్దవాళ్లు "మా మీద మీకు శ్రద్ధ లేదా" అనుకుంటారు, వాళ్లు అలా అనుకోవడం న్యాయమే.

తప్పు అంటే అజాగ్రత్తే కదా?

చాలాసార్లు కాదు. 1970లో న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ, హైస్కూలు పాసైన వాళ్లందరికీ తలుపులు తెరిచింది. అంతవరకు కాలేజీ గడప తొక్కని కుటుంబాల పిల్లలు వేలమంది వచ్చారు. వాళ్ల రాతలు చూసి చాలామంది అధ్యాపకులు చేతులెత్తేశారు. మినా షానెసీ మాత్రం వాళ్లు రాసిన దాదాపు 4,000 ప్రవేశ వ్యాసాలను కూర్చుని చదివారు. ఆ తప్పులు గుడ్డిగా పడ్డవి కావని, ఒక్కొక్కదాని వెనక ఒక లెక్క ఉందని 1977లో వచ్చిన తన పుస్తకంలో చూపించారు. నేర్చుకునేవాళ్ల తప్పులు వాళ్ల బుర్రలో తయారవుతున్న నియమాలకు ఆనవాళ్లని పిట్ కార్డర్ 1967లోనే అన్నారు.

"గోడ్" అని రాసిన పిల్లవాడు 'గో'కి భూతకాలం తెలియక అలా రాయలేదు. భూతకాలానికి 'ఇ-డి' చేర్చాలని నేర్చుకున్నాడు కాబట్టే రాశాడు. 'వెంట్' అని దిద్దే ముందు, రూలు పట్టుకున్నందుకు ఒక మంచి మాట చెప్పండి.

మాతృభాషను బట్టి తప్పులు మారతాయా?

మారతాయి. ఇది తెలిస్తే టీచరు పని సగం తేలికవుతుంది. తెలుగు సంగతే చూడండి. "రోజూ వెళ్తాను", "రేపు వెళ్తాను" రెండింటికీ మనకు ఒకటే క్రియ. అందుకే మనవాళ్లు రోజూ చేసే పనికి కూడా 'విల్' తగిలిస్తారు. "వచ్చాను" అంటే వచ్చింది నేనేనని క్రియే చెప్పేస్తుంది. అందుకే ఇంగ్లీషులో కర్త జారిపోతుంది. "ఆయన డాక్టరు" అన్న వాక్యంలో క్రియే లేదు. అందుకే 'ఈజ్' ఎగిరిపోతుంది.

అరబిక్‌లోనూ, రష్యన్‌లోనూ వర్తమానంలో 'ఈజ్' లాంటి క్రియ పెట్టరు. అరబిక్ కుడి నుంచి ఎడమకు రాస్తారు, క్యాపిటల్ లెటర్స్ ఉండవు (మనకూ లేవు), మామూలు రాతలో పొట్టి అచ్చులు రాయరు. అందుకే వాళ్ల స్పెల్లింగ్‌లో హల్లులు సరిగానే ఉండి అచ్చులు తప్పిపోతాయి. చైనా భాష మాండరిన్‌లో క్రియకు కాలాన్ని బట్టి రూపం మారదు. 'హి', 'షి' రెండూ పలకడంలో ఒకటే మాట, కాబట్టి మాట్లాడేటప్పుడు రెండూ కలిసిపోతాయి. స్పానిష్‌వాళ్లు 'స్కూల్'ని 'ఎస్కూల్' అంటారు. జపనీయులకు 'ర', 'ల' తేడా వినబడటమే కష్టం.

అయితే ఒక జాగ్రత్త. ఒక మనిషిని చూడగానే "ఈ భాషవాళ్లు కాబట్టి ఈ తప్పు చేస్తారు" అని ముందే ముద్ర వేయకండి. కాగితం చదివాకే లెక్క వేయండి.

ఆర్టికల్స్ ఎలా నేర్పాలి? 'ఎ', 'యాన్', 'ది' ఎంత చెప్పినా ఎక్కడం లేదు.

తెలుగువాళ్లకైతే కథతో మొదలుపెట్టండి. "అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ఏడుగురు కొడుకులు." మొదటిసారి 'ఒక', రెండోసారి 'ఆ'. ఇంగ్లీషులో 'ఎ', 'ది' చేసే ముఖ్యమైన పని అదే. వినేవాళ్లకు కొత్తదైతే 'ఎ', ఏదో వాళ్లకు తెలిసిపోయాక 'ది'. సూర్యుడికి 'ది' ఎందుకు, భోజనం పేర్ల ముందు ఆర్టికల్ లేకపోవడం ఎందుకు లాంటివి తర్వాత చూసుకోవచ్చు. బాగా రాసేవాళ్లకు కూడా ఆర్టికల్స్ చివరిదాకా సతాయిస్తాయి. వాటికోసం మార్కులు కోసేయకండి.

స్పెల్లింగ్ ఎందుకింత అయోమయంగా ఉంటుంది?

తెలుగులో పలికినట్టే రాస్తాం కాబట్టి మనకు ఇది మరీ అన్యాయంగా అనిపిస్తుంది. ఇంగ్లీషుకు అక్షరాలు 26, ధ్వనులు దాదాపు 44. అచ్చులకు ఐదు అక్షరాలే ఉన్నాయి, అచ్చుల ధ్వనులు మాత్రం ఇరవై దాకా ఉన్నాయి. విలియం కాక్స్‌టన్ 1476లో ఇంగ్లండులో అచ్చుయంత్రం పెట్టాక స్పెల్లింగులు మెల్లగా గడ్డకట్టాయి. అదే రోజుల్లో, అంటే సుమారు 1400 నుంచి 1700 దాకా, దీర్ఘాచ్చుల ఉచ్చారణ మొత్తం మారిపోయింది. మాట మారినా రాత పాతదే మిగిలింది. 'నైట్' అంటే యోధుడు అనే మాటలో మొదటి 'కె'ని, మధ్యలోని 'జి-హెచ్'ని ఒకప్పుడు నిజంగానే పలికేవారు. ఇక 'డెట్'లోని 'బి'ని పండితులు లాటిన్ మూలం గుర్తుకు రావాలని తర్వాత దూర్చారు.

ఈ కథ క్లాసులో చెప్పండి. పెద్దవాళ్ల ముఖాల్లో బరువు దిగడం మీరే చూస్తారు. "నాకు బుర్ర లేదు" అనుకుంటూ వచ్చినవాళ్లకు లోపం తమలో లేదని తెలుస్తుంది. ఆ తర్వాత ఒకే పోలికలో నడిచే మాటలను గుంపులుగా నేర్పండి: 'లైట్, రైట్, నైట్, ఫైట్'. దారి తప్పిన మాటలు విడిగా, వారానికి నాలుగైదు చాలు.

ఎన్ని పదాలు వస్తే సరిపోతుంది?

ఏ పనికి అనేదాన్ని బట్టి ఉంటుంది. మైకేల్ వెస్ట్ 1953లో ప్రకటించిన జాబితాలో సుమారు 2,000 మూలపదాలు ఉన్నాయి. రోజువారీ అవసరాలకు మొదట పట్టుకోవాల్సినవి అలాంటివే. కాలేజీ చదువుకు ఆవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో 570 పదకుటుంబాల (ఒక మూలపదం, దాన్నుంచి పుట్టిన రూపాలు కలిపి ఒక కుటుంబం) జాబితా ఇచ్చారు. ఎవరి సాయమూ లేకుండా నవల, పేపరు చదవాలంటే 8,000 నుంచి 9,000 పదకుటుంబాలు కావాలని పాల్ నేషన్ 2006లో లెక్కకట్టారు. అన్నేసి పదాలు బట్టీ పట్టించలేం. తేలికైన పుస్తకాలు ఎక్కువగా చదివించడం తప్ప దారి లేదు.

గలగలా మాట్లాడతాడు, రాయమంటే మూడు ముక్కలు రాయలేడు. బద్ధకమా?

కాదు. ఆటస్థలంలో పనికొచ్చే భాష వేరు, పాఠ్యపుస్తకంలోని భాష వేరు అని జిమ్ కమిన్స్ 1979లో విడదీసి చెప్పారు. ఎదుటి మనిషి ముఖం, చేతులు, చుట్టూ ఉన్న వస్తువులు మాటకు సాయపడతాయి. కాగితం మీద ఆ సాయం ఉండదు. కెనడాకు వలస వచ్చిన పిల్లలను గమనిస్తే, మాట్లాడే భాష రెండేళ్లలో వచ్చేసినా, చదువు భాష తోటివాళ్ల స్థాయికి చేరడానికి ఐదు నుంచి ఏడేళ్లు పట్టింది.

అలాంటి పిల్లవాడిని ముందు చెప్పమనండి. వాడు చెప్తుంటే మీరు వాడి మాటల్లోనే బోర్డు మీద రాయండి. తర్వాత వాడి చేతే చదివించండి. తాను మాట్లాడింది రాతగా మారుతుందని కళ్లారా చూస్తాడు.

అసలు నోరే విప్పని వాళ్ల సంగతి?

కొత్త భాషలోకి వచ్చినవాళ్లు, ముఖ్యంగా పిల్లలు, కొన్ని నెలలు వింటూ ఊరుకోవడం మామూలే. బలవంతపెట్టకండి. బొమ్మ చూపించమనండి, అవును కాదు అని తల ఊపమనండి, రాసి ఇమ్మనండి.

మీ వైపు నుంచి ఒకటి సరిచూసుకోండి. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, మూడు సెకన్లు దాటి ఆగితే జవాబులు పొడవవుతాయని, ఎక్కువమంది నోరు విప్పుతారని మేరీ బడ్ రో 1970లలో క్లాసులు రికార్డు చేసి తేల్చారు. రెండో భాషలో జవాబు కూర్చుకునేవాళ్లకు మూడు కూడా చాలవు. నేను మనసులో పది లెక్కపెడతాను. నాలుగు దాకా ఇబ్బందిగానే ఉంటుంది.

మాతృభాషలో కూడా చదవడం, రాయడం రాని పెద్దవాళ్లకు?

వీళ్లను మిగతా మొదటి మెట్టువాళ్లతో కలిపి ఒకే గాటన కట్టకండి. అక్షరం అంటే ధ్వనికి గుర్తు అనే ఊహే వాళ్లకు కొత్త. వీలైతే మాతృభాషలో అక్షరాలు కూడా పక్కనే నేర్పించండి, ఒక భాషలో చదవడం వస్తే రెండో భాషకు అది మెట్టవుతుంది. పుస్తకం వాళ్ల బతుకులోనిదే కావాలి: తమ పేరు, చిరునామా, పిల్లల పేర్లు, ఫారంలో సంతకం చేసే చోటు. చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలు పెద్దవాళ్ల చేతికి ఇవ్వకండి. వాళ్లకు రానిది అక్షరం మాత్రమే, లోకజ్ఞానం మనకన్నా ఎక్కువే ఉండొచ్చు.

డిస్లెక్సియా ఉందో, ఇంగ్లీషు రాకపోవడమో ఎలా తెలుస్తుంది?

డిస్లెక్సియా అంటే తెలివితో సంబంధం లేకుండా చదవడంలో, స్పెల్లింగ్‌లో వచ్చే ఇబ్బంది. మొదటి భాషలో చదవడం, రాయడం ఎలా ఉండేదో ఇంట్లోవాళ్లను అడగండి. అక్కడ కూడా ఇదే ఇబ్బంది ఉంటే నిపుణులకు చూపించాలి. టీచరు తనంతట తాను ముద్ర వేయకూడదు. క్లాసులో మాత్రం పరీక్షా ఫలితం కోసం ఆగక్కర్లేదు. ధ్వనులను, అక్షరాలను ఒక వరసలో, చూస్తూ, పలుకుతూ, వేలితో రాస్తూ నేర్పండి. బోర్డు మీది పాఠం కాపీ చేయించే బదులు అచ్చు కాగితం ఇవ్వండి. టైము కొంచెం ఎక్కువ ఇవ్వండి. నలుగురి ముందు గట్టిగా చదవమని మాత్రం అడగకండి.

యాస మార్పించాలా?

అక్కర్లేదు. ఎదుటివాళ్లకు అర్థమైతే చాలు. భిన్న భాషలవాళ్లు ఇంగ్లీషులో మాట్లాడుకునేటప్పుడు అర్థం చెడేది ఎక్కడని జెన్నిఫర్ జెన్కిన్స్ 2000లో పరిశీలించారు. 'ద' తరహా 'టి-హెచ్' సరిగా పలకకపోయినా పెద్ద నష్టం లేదు. 'షిప్', 'షీప్' లాంటి అచ్చుల పొడవు, వాక్యంలో ఏ మాట మీద ఒత్తు పెడతామన్నది మాత్రం ముఖ్యం. కష్టపడే టైము అక్కడ ఖర్చు పెట్టండి.

వ్యాసం రాయమంటే ఎక్కడినుంచో కాపీ కొట్టి తెస్తారు, లేదా ఏఐతో రాయిస్తారు. ఏం చేయాలి?

ముందు మనం ఇచ్చే టాపిక్ చూసుకుందాం. "సమయం విలువ" అని ఇస్తే ఎవరైనా కాపీయే కొడతారు, ఎందుకంటే దాని గురించి వాళ్లకు సొంతంగా చెప్పాల్సింది లేదు. "మీ ఇంట్లో మీకు అన్నిటికన్నా పాతదిగా కనిపించే వస్తువు గురించి, దాన్ని చూడని మనిషికి అర్థమయ్యేలా రాయండి" అని ఇస్తే ఆ వస్తువు వాళ్లకే తెలుసు. మొదటి ప్రతి క్లాసులోనే, చేత్తో, మీ ముందే రాయించండి. దానికి మార్కులు వద్దు. రెండో ప్రతి ముందు పక్కవాళ్లకు చదివి వినిపించాలి, విన్నవాళ్లు ఒక్క ప్రశ్న అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు రెండో ప్రతిలో చేరాలి. మూడో ప్రతికి మాత్రమే స్పెల్లింగ్, గ్రామర్ చూసుకోమనండి. ఆ దశలో యాప్ సాయం తీసుకున్నా నాకు అభ్యంతరం లేదు, మార్చింది ఏమిటో, ఎందుకో చెప్పగలిగితే.

విషయాన్ని అమర్చే తీరు కూడా అందరికీ ఒకటి కాదు. అసలు మాట చివర్లో చెప్పడమే మర్యాద అనుకునేవాళ్లు ఉంటారు. ఇంగ్లీషు చదువుల్లో మొదటే చెప్పేయమంటారు. "మీరు తప్పుగా రాశారు" అనకండి. "ఈ పాఠకులు మొదట్లోనే అసలు మాట కోసం వెతుకుతారు" అని చెప్పండి.

ఎంత కాలం పడుతుంది?

యూరప్ కౌన్సిల్ 2001లో ప్రకటించిన కొలమానంలో ఎ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లు ఉన్నాయి. సున్నా నుంచి మొదలుపెడితే మూడో మెట్టయిన బి1 చేరడానికి సుమారు 350 నుంచి 400 గంటల పాఠాలు, బి2కి 500 నుంచి 600 గంటలు అని కేంబ్రిడ్జి పరీక్షల విభాగం అంచనా. వారానికి నాలుగు గంటల క్లాసు అయితే బి1కే దాదాపు రెండేళ్లు. "ముప్పై రోజుల్లో ఇంగ్లీషు" అని నమ్మి వచ్చినవాళ్లకు ఈ లెక్క మొదటిరోజే బోర్డు మీద వేసి చూపించండి. నెల తిరిగేసరికి ఇంకా రాలేదని తమను తాము తిట్టుకోకుండా ఉంటారు.

నా ఇంగ్లీషే అంతంత మాత్రం. నేను రాయడం నేర్పొచ్చా?

నేర్పొచ్చు, రోజూ చదువుతూ, మీరు కూడా రాస్తూ ఉంటే. వాళ్లకు ఇచ్చిన టాపిక్ మీద మీరు కూడా బోర్డు మీద వాళ్ల కళ్లముందే రాయండి. ముందే తయారుచేసుకుని రాకండి. మొదటి వాక్యం కొట్టేయండి. మాట తట్టక ఆగిపోతే ఆగిపోండి, డిక్షనరీ తీయండి, "ఇక్కడ 'ఎ' రావాలా 'ది' రావాలా?" అని వాళ్లనే అడగండి. నేను మొదటిసారి అలా రాసిన రోజు బోర్డు నిండా కొట్టివేతలే. కుట్టుమిషను గురించి రాసినావిడ అప్పటికి ఇంకా మా క్లాసులోనే ఉంది. వెనక బెంచీ నుంచి లేచి వచ్చి, నేను రాసిన నాలుగో వాక్యం కింద చాక్‌పీసుతో గీత గీసి, "ఇది బాగుంది టీచర్, ఇది తీసేయకండి" అంది.